నూరితే రంగు మారే గోల్డ్ కాంప్లెక్స్: బంగారం-బంగారం ఆకర్షణా, వట్టి ప్యాకింగా?

కల్వం_రోకలి:
2008లో జపాన్‌లో హజిమె ఇతో బృందం చూపిన గోల్డ్ కాంప్లెక్స్ (బంగారు పరమాణువులకు వేరే అణువులు అతుక్కున్న సమ్మేళనం) గుర్తుందా? యూవీ కింద నీలంగా వెలిగే పొడి. కల్వంలో నూరితే పసుపు, డైక్లోరోమీథేన్ అనే ద్రావకం చుక్కలు వేస్తే మళ్లీ నీలం. కోవేలెంట్ బంధం ఒక్కటీ తెగలేదు. నూరినప్పుడు బంగారు పరమాణువులు దగ్గరికి జరగడమే కారణం. ఇంకేం కావాలి?

స్ఫటికం:
దగ్గరికి జరిగాయని కొలిచిందెవరు? నూరాక పొడి అమార్ఫస్, అంటే అణువుల వరుస చెదిరిపోయింది. ఎక్స్‌రేలో పీకులే ఉండవు, ఇక దూరం ఎలా కొలుస్తారు? కదలకుండా బిగిసిపోయిన అణువు ఎలాగూ బాగా వెలుగుతుంది. ద్రావణంలో చప్పగా ఉండేవి ఘనరూపంలో మెరిసేది అందుకే.

నాలుగో_ఏడు:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా 🙂

కల్వం_రోకలి:
బిగిస్తే వెలుగు పెరుగుతుంది, సరే. నేను మాట్లాడేది రంగు గురించి. రెండు బంగారాలు సుమారు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒకటంటే సెంటీమీటరులో పదికోట్లో వంతు) దూరానికి వస్తే వాటి డి ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్లుండే చోట్లు, కలిసి నిండిన స్థాయి పైకి లేస్తుంది. పైనున్న ఖాళీ స్థాయితో గ్యాప్ తగ్గి, రంగు ఎరుపు వైపు జరుగుతుంది. ఆ ఆకర్షణకు హైడ్రోజన్ బంధమంత బలముంది.

స్ఫటికం:
రంగు ప్యాకింగ్ వల్లా, అంటే అణువులు పేర్చుకున్న తీరు వల్లా మారుతుంది. దూరం చూపించండి. మూడోసారి అడుగుతున్నా.

బెంచి_మూల:
రెండోసారే సార్. ప్లాటినం సంగతేంటి? మాగ్నస్ లవణం అనే ప్లాటినం ఉప్పులో కేటయాన్‌కు (ధన అయాన్) రంగే లేదు, ఆనయాన్ (రుణ అయాన్) ఎరుపు, కలిస్తే ఆకుపచ్చ. అక్కడ ప్లాటినం-ప్లాటినం 3.25 ఆంగ్‌స్ట్రామ్‌లని కొలిచారు కదా.

స్ఫటికం:
అది క్రిస్టల్ కాబట్టి కొలిచారు. పైగా అది మామూలు రంగు, ఎమిషన్ (యూవీ కింద వెలిగే వెలుగు) కాదు. కలపకండి.

కల్వం_రోకలి:
మీలాంటి రిఫరీయే (జర్నల్ తరఫున పేపర్ పరీక్షించేవాడు) నా పేపర్‌ను ఎనిమిది నెలలు ఆపాడు. సింగిల్ క్రిస్టల్ లేదని ఒక్క వాక్యం రాసి తిప్పి పంపాడు. నూరిన పొడికి సింగిల్ క్రిస్టల్ ఎక్కడి నుంచి తేవాలి, మా ఇంట్లో పెరట్లో కాస్తుందా?

స్ఫటికం:
ఎనిమిది నెలలేనా! నేను రెండేళ్లు క్రిస్టల్ పెంచాను. మీరేమో కంప్యూటర్‌లో ఓ లెక్క వేసి బాణం గుర్తు గీసేస్తారు.

కల్వం_రోకలి:
అదీ అసలు మాట! మీ ల్యాబ్‌లో ఎక్స్‌రే మెషిన్ ఉంది. మాకు స్లాట్ దొరకాలంటే మూడు నెలలు. లెక్క కాక ఏం చెయ్యమంటారు?

స్ఫటికం:
అది ముందే చెప్పొచ్చుగా. నూరని పొడినైనా క్రిస్టల్ చెయ్యండి, అందులో బంగారాలు దూరంగా ఉన్నాయని తేలితే సగం వాదన మీదే. సన్న ట్యూబులో డైక్లోరోమీథేన్ ద్రావణం పోసి, పైన హెక్సేన్ అనే మరో ద్రావకం మెల్లగా గోడ వెంట జార్చండి. కదపొద్దు. క్రిస్టల్ వస్తే పంపండి, నేను మెషిన్‌లో పెడతా. ప్యాకింగ్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నాలుగో_ఏడు:
హెక్సేన్ ఎంత పొయ్యాలి సార్?