కాళ్ళ వాపు, నల్లటి మోషన్, పొద్దున్నే చేతుల వణుకు... ఎల్లుండి ఒట్టేసుకుని మందు మానేద్దామనుకుంటున్నా

గాజువాక వెల్డర్:

అందరికీ నమస్కారం. ఇంట్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాకు 43 ఏళ్ళు. ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డింగ్ పని. ఇరవై రెండేళ్ళప్పుడు పని నేర్చుకుంటూ అలవాటైంది, అప్పట్లో జీతం రోజు, పండగ రోజు, అంతే. పెళ్ళయ్యాక రోజూ క్వార్టర్. ఆరేళ్ళ నుంచి హాఫ్ పడనిదే నిద్ర లేదు, ఆదివారమైతే లెక్కే లేదు. రెండేళ్ళుగా పొద్దున్న లేవగానే చేతులు వణుకుతున్నాయి. హోల్డర్ పట్టుకుంటే రాడ్డు నిలకడగా ఉండదు, ఒక పెగ్గు లోపలికి పోతేగానీ వెల్డింగ్ తిన్నగా రాదు.

ఇప్పుడు భయం ఎందుకంటే, నెల రోజుల నుంచి సాయంత్రానికి షూ విప్పడం కష్టమవుతోంది. సాక్సు ఉన్నచోట గాడి పడుతోంది, చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండిపోతోంది. చేతులు, తొడలు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం బిగుసుకుని ముందుకొచ్చింది. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోంది. ఛాతీ మీద ఎర్రటి చుక్కలు వచ్చాయి, చుక్క నుంచి చుట్టూ సాలీడు కాళ్ళలా సన్నటి గీతలు. నిప్పురవ్వలు పడ్డ మచ్చలనుకున్నాను ఇన్నాళ్ళూ. రాత్రిళ్ళు అరికాళ్ళు ఒకటే మంట. మొన్న మేడ మెట్లు దిగుతుంటే ఒక చెప్పు జారి పైమెట్టు మీదే ఉండిపోయింది, నాకు తెలియలేదు. కిందికొచ్చి చల్లటి గచ్చు మీద నిలబడ్డా తెలియలేదు. మా చిన్నమ్మాయి "నాన్నా, నీ చెప్పేది?" అంటే అప్పుడు చూసుకున్నాను.

ఇంకోటి, గత వారం రెండుసార్లు, మళ్ళీ నిన్న, మోషన్ నల్లగా తారులా జిగటగా వచ్చింది, వాసన భరించలేకపోయాను. నడుం నొప్పికి మెడికల్ షాపులో బిళ్ళలు తెచ్చుకుని వేసుకుంటున్నాను, వాటి వేడేమో అనుకున్నాను.

పోయినేడు కార్తీకంలో మాల వేసుకున్నాను, మందు పూర్తిగా ఆపేసి. రెండో రోజు ఒళ్ళంతా చెమట, వణుకు. మూడో రోజు రాత్రి గోడ మీద ఎర్రచీమలు బారులు బారులుగా కనిపించాయి. నేను తువ్వాలుతో తుడుస్తున్నాను, అక్కడేమీ లేవు అంటున్నారు ఇంట్లో. మా అమ్మ దిష్టి తీసింది. నాలుగో రోజు తట్టుకోలేక మాల తీసేసి తాగాను, తాగాక తగ్గింది. నియమం తప్పినందుకు స్వామికి కోపం వచ్చిందన్నారు అందరూ. ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. అందుకే ఈసారి ఎల్లుండి సింహాచలం వెళ్ళి అప్పన్న దగ్గర ఒట్టేసుకుని ఒక్కసారిగా మానేద్దామనుకుంటున్నాను. మానేస్తే ఇవన్నీ తగ్గిపోతాయా? ఆసుపత్రికి వెళ్తే తాగుబోతని తిడతారేమోనని వెనకాడుతున్నాను.

మెడిసిన్ వార్డు సిస్టర్:

అన్నయ్యా, మీరు రాసినవాటిలో ఒక్కటి మాత్రం ఎల్లుండి దాకా ఆగదు. నల్లటి మోషన్. ముందు దాని సంగతి చెప్తాను.

లివర్ గట్టిపడితే పొట్ట నుంచి అందులోకి వెళ్ళాల్సిన రక్తానికి దారి ఇరుకైపోతుంది. ఆ రక్తం వేరే దారులు వెతుక్కుంటుంది, దాంతో అన్నం దిగే గొట్టంలో నరాలు, అంటే రక్తనాళాలు, ఉబ్బుతాయి. అవి చిట్లితే రక్తం కడుపులోకి కారి, అక్కడ అరిగి, నల్లగా తారులా బయటికి వస్తుంది. నొప్పి బిళ్ళల వల్ల కడుపులో పుండు పడినా ఇలాగే వస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకీ నలుపు వస్తుంది కానీ ఇంత జిగట, ఇంత వాసన ఉండవు. ఏది కారణమో ఎండోస్కోపీ చేస్తేగానీ తెలియదు. కానీ ఏదైనా రక్తమే. ఆ నొప్పి బిళ్ళలు ఇప్పటి నుంచే ఆపేయండి, ఒక్కటి కూడా వద్దు.

రెండోది, పోయినేడు మీకు వచ్చింది స్వామి కోపం కాదు. ఏళ్ళ తరబడి రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా మందు ఆగిపోతే 6 నుంచి 8 గంటల్లో వణుకు, చెమట మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయి, ఎక్కువగా చీమలు, పురుగులు, పాములు. మేం డీటీ అంటాం. వైద్యం అందకపోతే అందులో ప్రాణాలు పోతాయి, నా కళ్ళ ముందు పోయాయి. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. పండగలప్పుడు, మాలల రోజుల్లో ఇలాంటి కేసులు మా వార్డుకి వస్తూనే ఉంటాయి, ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుని రెండు రోజులు పోగొట్టుకుని తీసుకొస్తారు. మీరు మానాలి, కచ్చితంగా మానాలి, కానీ ఇంట్లో ఒంటరిగా కాదు, ఆసుపత్రిలో మందులిచ్చి మాన్పిస్తారు.

అక్కడికి వెళ్ళాక రోజుకెంత తాగుతారు, చివరిసారి ఎన్నింటికి తాగారు, పోయినేడు చీమలు కనిపించిన సంగతి, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి. ఎందుకంటే బాగా తాగేవాళ్ళ ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటిపోయి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగలొచ్చు. మీరు దాస్తే వాళ్ళకెలా తెలుస్తుంది? అక్కడ ఎవరైనా ఒక మాట అంటే పడండి అన్నయ్యా.

గాజువాక వెల్డర్:

సిస్టర్ గారూ, ఇప్పుడు రాత్రి తొమ్మిదయింది. నొప్పి ఏమీ లేదు, కొంచెం నీరసం అంతే. పొద్దున్న ఓపీకి వెళ్తే సరిపోదా?

మెడిసిన్ వార్డు సిస్టర్:

సరిపోదు. ఉబ్బిన నరం చిట్లితే నొప్పి ఉండదు, అందుకే జనం ఆలస్యం చేస్తారు. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? నోట్లో రక్తం వచ్చినా, మాట తడబడినా అసలు ఆలోచించొద్దు, 108. లేదంటే ఎవరినైనా తోడు తీసుకుని కేజీహెచ్ (వైజాగ్ కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్ళండి, రాత్రంతా తెరిచే ఉంటుంది. బండి మీరు నడపకండి. వదినకి ఇప్పుడే చెప్పండి.

భీమిలి కుర్రాడు:

ఇంత భయపెట్టక్కర్లేదండీ. మా వైపు ఒకాయన ఆకుపసరు ఇస్తాడు, మూడు ఆదివారాలు పరగడుపున తాగితే లివర్ కడిగినట్టు అయిపోద్ది. మనసు గట్టిగా ఉండాలి అంతే.

మెడిసిన్ వార్డు సిస్టర్:

తమ్ముడూ, మీరు మంచికే చెప్పారని తెలుసు. కానీ దెబ్బతిన్న లివర్ మీద ఏముందో తెలియని పసరు పోయడం పెద్ద ప్రమాదం, దాని వల్లే కామెర్లు ముదిరి వచ్చినవాళ్ళని చూశాను. వణుకు, ఫిట్స్ మనసు బలాన్ని బట్టి రావు. దయచేసి ఆయన్ని ఇవాళ రాత్రి ఆపకండి.

కంచరపాలెం పెద్దాయన:

తమ్ముడూ, ఇప్పటికే బయల్దేరి ఉంటావనుకుంటున్నా, వచ్చాక చదువుకో.

పొట్టలో నీరు, కాళ్ళ వాపు, ఛాతీ మీద చుక్కలు, నాదీ ఇదే. ఆ చుక్కని వేలితో నొక్కితే తెల్లబడి, వదలగానే మధ్య నుంచి గీతల్లోకి ఎరుపు పాకుతుంది, చూశావా? నేను ఎనిమిది నెలలు ఒక క్లినిక్ చుట్టూ తిరిగాను, గ్యాస్ బిళ్ళ, లివర్ టానిక్కు, మళ్ళీ గ్యాస్ బిళ్ళ. ఎంత తాగుతావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తప్పు ఇద్దరిదీ. పొట్ట స్కానింగు తీసేసరికి లివర్ గరుకుగా మారిపోయి ఉంది. సిరోసిస్ అన్నారు. 2017లో మానేశాను, ఇప్పటికీ బతికే ఉన్నాను, మనవరాలిని ఎత్తుకున్నాను. గట్టిపడిన లివర్ మళ్ళీ మెత్తబడుతుందని నీకు అబద్ధం చెప్పను. కానీ మందు ఆగితే మిగిలిన లివర్ పని చేస్తుంది, నా పొట్టలో నీరు ఏడాదిలో తగ్గింది.

లెక్క ఒకటి చెప్తాను, నాకు కౌన్సెలింగులో చెప్పారు. క్వార్టర్ అంటే 180 ఎంఎల్, అందులో స్పిరిట్ 42.8 శాతం, బరువులో చూస్తే దాదాపు 60 గ్రాములు. నువ్వు హాఫ్ తాగుతున్నావు, అంటే 120 గ్రాములు, రోజూ, ఆరేళ్ళు. బీరు తాగితే ఏం కాదనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట వినకు, రెండు స్ట్రాంగ్ బీర్లు క్వార్టర్ కంటే ఎక్కువే.

తిండి దగ్గర నేను చాలా నష్టపోయాను. పథ్యం అని చెప్పి ఇంట్లో చారన్నం, మజ్జిగన్నం తప్ప పెట్టలేదు, తొడలు కర్రల్లా అయిపోయాయి. తర్వాత పెద్దాసుపత్రిలో చెప్పారు, తగ్గించాల్సింది ఉప్పే గానీ పప్పూ గుడ్లూ కాదని. పచ్చడి, అప్పడం, ఎండుచేపలు మానేశాను, మన వైపు వాళ్ళకి ఎండుచేప మానడం మందు మానినంత కష్టం, తెలుసు. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి కొంచెం తినమన్నారు, పాడైన లివర్ రాత్రంతటికీ సరిపడా శక్తి దాచుకోలేదట. నీకు ఎంత, ఏం తినాలో మీ డాక్టర్ని అడుగు, నాది చూసి చేయకు. ఇంకా ఆరు నెలలకోసారి స్కానింగు తప్పించకు, సిరోసిస్ ఉన్నవాళ్ళకి లివర్ క్యాన్సర్ భయం ఉంటుంది, ముందే కనిపెడితే దారి ఉంటుంది.

రక్తం ఆగి, ఇంటికొచ్చాక అసలు పని మొదలవుతుంది. నేను పని నుంచి వచ్చే దారే మార్చుకున్నాను, ఒక కిలోమీటరు ఎక్కువైనా సరే. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో మందు మాన్పించే వైద్యం చేస్తారు, పేరు చూసి సిగ్గుపడకు. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు వైజాగ్‌లో జరుగుతాయి, డబ్బులు అడగరు. ఏమీ తోచనప్పుడు 14446కి ఫోన్ చెయ్యి, ఉచితం.

పెందుర్తి అక్క:

వెల్డర్ తమ్ముడి భార్య ఇది ఎప్పుడైనా చదివితే ఆమె కోసం రాస్తున్నాను. మా ఆయనకి తెలియకుండా మందు మాన్పించే బిళ్ళ సాంబారులో కలిపి పెట్టాను. ఎవరో ఇచ్చారు, మంచిదే అన్నారు. ఆ రాత్రి ఆయన తాగి వచ్చారు. మొహం కందగడ్డలా అయిపోయి, గుండె దడదడలాడుతూ, వాంతులు, బీపీ పడిపోయింది. చంపేశాననుకున్నాను. ఆ బిళ్ళ వేసుకునేవాళ్ళకి తెలిసి, డాక్టర్ చూసి ఇవ్వాల్సిందట, లివర్ పాడైనవాళ్ళకి అసలు మంచిది కాదట. ఇప్పుడు ఆయన మానడానికి వేరే మాత్రలు వాడుతున్నారు, తనంతట తానే వేసుకుంటారు. చెల్లీ, దొంగచాటుగా ఏదీ కలపకు. ఎంత కోపం ఉన్నా సరే.

గాజువాక వెల్డర్:

అయిదు రోజుల తర్వాత రాస్తున్నాను. వార్డులోనే ఉన్నాను.

ఆ రాత్రి మా ఆవిడకి చెప్పాను. తిట్టలేదు, చెప్పులు వేసుకుని ఎదురింటి బావమరిదిని ఆటో తెమ్మంది. ఎన్ఏడీ జంక్షన్ దాటేసరికి ఆటోలోనే రక్తం కక్కుకున్నాను. ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో రాయలేను. ఎండోస్కోపీలో నరాలు ఉబ్బి ఉన్నాయని చూసి అక్కడే రబ్బరు బ్యాండ్లు వేశారు. రెండు రక్తం సీసాలు ఎక్కించారు. ప్లేట్‌లెట్లు 82 వేలు, ఆల్బుమిన్ 2.6, రెండూ తక్కువే, సిరోసిస్ అనే రాశారు. పొట్టలో నీరు కొంచెం తీసి పరీక్షకి పంపారు.

సిస్టర్ గారూ, మీరు చెప్పినట్టే అన్నీ చెప్పేశాను. రాసుకుంటున్న కుర్ర డాక్టరు చీమల సంగతి రాగానే పెన్ను ఆపి, ఎన్నో రోజు కనిపించాయి అని రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాతే బీ1 ఇంజెక్షన్, వణుక్కి మందు మొదలుపెట్టారు. ఈసారీ మూడో రోజు చెమటలు పట్టాయి, కానీ గోడ మీద ఏమీ కనిపించలేదు. నేను రాత్రంతా ఆ గోడనే చూస్తూ పడుకున్నాను.

అరికాళ్ళ మంట అలాగే ఉంది, నరాలకి నెలలు పడుతుందన్నారు, పూర్తిగా తగ్గకపోవచ్చని కూడా అన్నారు. పెద్దాయనా, డిశ్చార్జి అయ్యాక ఒక మీటింగుకి నాతో వస్తారా? ఒక్కడినే వెళ్ళలేను.

కంచరపాలెం పెద్దాయన:

వస్తాను తమ్ముడూ. డిశ్చార్జి రోజు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టు, కేజీహెచ్ గేటు దగ్గర ఉంటాను.