ఒకే అడవిలో అన్ని రకాల చెట్లు ఎలా బతుకుతున్నాయి? ఒకటి గెలిచి మిగతావి పోవాలి కదా

బెజవాడ_బ్యారేజ్
మొన్న ఆదివారం కొండపల్లి ఖిల్లాకి వెళ్ళాం, దిగేటప్పుడు మా పాప ఈ కొండ మీద ఎన్ని రకాల చెట్లున్నాయి నాన్నా అంది. నాకు తెల్ల పొణికి తప్ప ఇంకోటి తెలీదు, అదీ బొమ్మల పుణ్యాన. ఇంటికొచ్చి వెతికితే పెరూలో అమెజాన్ అడవిలో ఒక్క హెక్టారులో, అంటే మన రెండున్నర ఎకరాల్లో, 300 రకాల దాకా లెక్కపెట్టారంట. అన్నిటికీ కావాల్సింది అదే ఎండ, అవే నీళ్ళు కదా? మా ఇంటెనక ఖాళీ సైటులో సర్కారు తుమ్మ మొలిచింది, మూడేళ్ళలో ఇంకో మొక్కని రానివ్వలేదు. మరి అక్కడ అలా ఎందుకు జరగట్లేదు? పాపకి రేపు చెప్తానని మాటిచ్చేశా.

గాలిగోపురం
వానలు ఎక్కువ బ్రో, అంతే. ఎండాకాలం బెజవాడలో మనుషులే బతకలేరు ఇక చెట్లేం బతుకుతాయి

బాటనీ_మాస్టారు
వాన సంగతి కొంత నిజమే, తమిళనాడు ముదుమలై పొడి అడవిలో 50 హెక్టార్లకి సుమారు 70 రకాలే, బోర్నియోలో లంబీర్ తడి అడవిలో 52 హెక్టార్లకి దాదాపు 1,200. కానీ ఆయన అడిగింది అది కాదు, అన్నీ ఒక్కచోట కొట్టుకుంటుంటే ఒకటి ఎందుకు గెలవట్లేదు అని.
1970లో జాన్జెన్, 1971లో కానెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ఒకే మాట చెప్పారు. తల్లిచెట్టు కిందే విత్తనాలు ఎక్కువ రాల్తాయి, ఆ చెట్టుని తినే పురుగూ తెగులూ కూడా అక్కడే కాపురం పెట్టి ఉంటాయి, కాబట్టి దాని పిల్ల దాని నీడలో బతకడం కష్టం, పక్కింటి చెట్టు పిల్ల బతుకుతుంది. అంటే ఏ రకం మరీ గుంపు కడితే దానికే దెబ్బ, అరుదుగా ఉన్నదానికి లాభం. మీ సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుంచి వచ్చింది, దాని శత్రువులు చాలావరకు అక్కడే ఉండిపోయాయి, అందుకే ఆ రౌడీయిజం.

మిర్చి_మావయ్య_గుంటూరు
మాస్టారూ ఇది మాకు చెప్పాలా. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు చూశాం, ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా మిరపే, పూతంతా రాలిపోయింది, ఎన్ని మందులు కొట్టినా పక్క చేలోంచి మళ్ళీ వచ్చేది, చివరికి మా బావ తోట పీకేశాడు. గట్టు మీద వేపచెట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

బాటనీ_మాస్టారు
@మిర్చి_మావయ్య సరిగ్గా అదే. రబ్బరు పుట్టిల్లు అమెజానే, అడవిలో ఇక్కడొకటి అక్కడొకటి హాయిగా ఉంటుంది. 1928 తర్వాత ఫోర్డు కంపెనీ బ్రెజిల్‌లో దాన్నే వరసలుగా వేస్తే ఆకుతెగులు తినేసింది. అదే రబ్బరు కేరళలో తోటలుగా నిలబడింది ఎందుకంటే ఆ తెగులు ఇక్కడికి రాలేదు.

లెక్కల_సుబ్బడు
వినడానికి బాగుంది కానీ నాకో అనుమానం. గుంపు కడితే దెబ్బ అయితే అమెజాన్‌లో అన్నీ సమానంగా ఉండాలిగా? 2013 లెక్కలో సుమారు 16,000 రకాలు ఉంటాయన్నారు, అందులో 227 రకాలే మొత్తం చెట్లలో సగం. హబ్బెల్ అనే శాస్త్రవేత్త అయితే 2001లో అసలు అన్ని రకాల బలమూ ఒకటే, ఎవడు చచ్చిన చోట ఎవడు మొలుస్తాడన్నది లాటరీ, ఓడినవాడు పోవడానికి వేల ఏళ్ళు పడుతుంది అన్నాడు.

బాటనీ_మాస్టారు
హబ్బెల్ మామూలోడు కాదండీ, పనామా కాలవ కోసం నది కట్టేస్తే నీళ్ళ మధ్య మిగిలిన కొండ మీద 50 హెక్టార్లలో కనీసం సెంటీమీటరు లావున్న ప్రతి మొక్కకీ నంబరు కట్టించినాయన, రెండు లక్షలు పైనే, దాదాపు 300 రకాలు. కానీ వట్టి లాటరీ అయితే మందు కొట్టినా తేడా రాకూడదు. మధ్య అమెరికాలో బెలీజ్ అడవిలో బూజు తెగుళ్ళని చంపే మందు కొట్టి చూశారు, కొట్టిన చోట మొలకల్లో రకాలు తగ్గిపోయాయి. 227 సంగతి మాత్రం మీదే పాయింటు, దెబ్బ అన్ని రకాలకీ ఒకేలా తగలదు, తట్టుకున్నవి పెరిగిపోతాయి.

బెజవాడ_బ్యారేజ్
థాంక్సండీ అందరికీ. పాపకి మిరపతోట కథే చెప్పా, వెంటనే ఎక్కింది. మరి బొమ్మలకి కర్ర చాలట్లేదని తెల్ల పొణికి తోట వేస్తే దానికీ పురుగు పడుతుందా అని అడుగుతోంది ఇప్పుడు 😅

మిర్చి_మావయ్య_గుంటూరు
వరసగా వెయ్యొద్దనమ్మా, కానుగ వేప మధ్యలో కలిపి వెయ్యమను. బావ ఇప్పుడు మిరపలో జొన్న సాళ్ళు వేస్తున్నాడు.