‘పువ్వులా కనబడు, పాముగా ఉండు’: పునశ్చరణ కార్డులో ఏం రాయాలి?

ప్రశ్న: ఇంగ్లండులో జీసీఎస్ఈ (పదహారేళ్ల వయసులో రాసే పాఠశాల స్థాయి పరీక్ష) ఆంగ్ల సాహిత్య పరీక్ష రాయబోయే విద్యార్థుల కోసం పునశ్చరణ కార్డులు తయారుచేస్తున్నాను. షేక్‌స్పియర్ నాటకం ‘మాక్బెత్’ మొదటి అంకం అయిదో రంగంలో, తమ ఇంటికి రాబోతున్న రాజును చంపాలనుకుంటూ లేడీ మాక్బెత్ భర్తతో ‘లుక్ లైక్ ది ఇన్నొసెంట్ ఫ్లవర్, బట్ బీ ది సర్పెంట్ అండర్ట్’ అంటుంది కదా. ఈ మాటల కింద చాలా కార్డులలో ‘ఉపమ, రూపకం, బైబిల్లోని సర్పం’ అన్న మూడు ముక్కలే కనిపిస్తున్నాయి. అంతకు మించి ఏం రాస్తే విద్యార్థికి పనికివస్తుందో సభ్యులు దయచేసి తెలియజేయగలరు.

జవాబు: ఆ మూడు ముక్కలలో తప్పేమీ లేదండి, కానీ అవి పేరు పెట్టడంతోనే ఆగిపోతాయి. ఉపాధ్యాయులు ఏఓ2 అని పిలిచే అంచనా లక్ష్యం కోరేది, రచయిత వాడిన భాష, రూపం, నిర్మాణం అర్థాన్ని ఎలా పుట్టిస్తున్నాయో విశ్లేషించమని. ‘లైక్’ అనే ఉపమావాచకం ఉన్నందువల్ల మొదటి సగం ఉపమ అనీ, రెండో సగంలో వాచకం లోపించి అభేదం చెప్పినందువల్ల అది రూపకం అనీ తేల్చడం తేలికే. ఆ తేడాను ఆమె ఎందుకు పాటించిందన్నదే అసలు ప్రశ్న. పువ్వు దగ్గర ‘కనబడు’ అంటుంది, పాము దగ్గర ‘అయి ఉండు’ అంటుంది. పోలిక పై పూతకు మాత్రమే, తాదాత్మ్యం లోపలి మనిషికి. పైగా రెండూ విధ్యర్థక క్రియలు. కాసేపటి కిందటే ‘మై థేన్’ (నా ప్రభూ) అని గౌరవంగా సంబోధించిన నోటితోనే ఆమె భర్తకు ఆజ్ఞలు జారీచేస్తోంది. (మన ‘మేకవన్నె పులి’ గుర్తుకు రాక మానదు గాని, అక్కడ పులి ఒంటి మీదే మేక రంగు ఉంటుంది, ఇక్కడ పువ్వు వేరు, దాని కింద నక్కిన పాము వేరు.)

కార్డులు చేసే పెద్ద అపకారం, నా దృష్టిలో, ఈ మాటలను ముందూ వెనకా కత్తిరించి చూపడం. వీటికి ముందు ‘టు బిగైల్ ది టైమ్, లుక్ లైక్ ది టైమ్’ అని ఉంది; అంటే లోకాన్ని ఏమార్చాలంటే లోకంలాగే కనబడమని చెప్పి, కంటిలో, చేతిలో, నాలుకపై స్వాగతం నింపుకోమని బోధించిన తరువాతే ఆమె పువ్వు దాకా వస్తుంది. ఇక ‘అండర్ట్’ దగ్గర వాక్యం ముగుస్తుంది గాని పద్యపాదం ముగియదు. అదే పాదంలో ‘హీ దట్స్ కమింగ్’ అని మొదలై, తరువాతి పాదంలోకి ‘మస్ట్ బీ ప్రొవైడెడ్ ఫర్’ అని సాగుతుంది. వస్తున్న డంకన్ రాజుకు తగిన ఏర్పాట్లు చేయాలన్న ఆ మాటకు పైకి అర్థం ఆతిథ్యం, లోపలి అర్థం హత్య. భర్తకు చెప్పిన పాఠాన్ని ఆమె మరుక్షణమే తన మాటలో అమలుచేసి చూపిస్తోంది. కార్డు మీద సగం పాదమే ఉంటే ఇది విద్యార్థి కంట పడే అవకాశమే లేదు.

సర్పం కూడా అక్కడితో ఆగదు. మూడో అంకం రెండో రంగంలో మాక్బెత్, పామును గాయపరిచామే గాని చంపలేదని వాపోతాడు. అదే అంకం నాలుగో రంగంలో, తాను చంపించిన సహచరుడు బాంకోను ఎదిగిన సర్పమనీ, తప్పించుకున్న అతని కొడుకును పిల్లపామనీ అంటాడు. పాముగా ఉండమన్న సలహా పాటించినవాడికి ఇప్పుడు ఎదుటివారిలోనే పాములు కనిపిస్తున్నాయి. ఏక్యూఏ అనే పరీక్షా బోర్డు ప్రశ్నలో ఒక భాగాన్ని అచ్చువేసి ఇచ్చి, దానితో మొదలుపెట్టి నాటకం మొత్తం మీద రాయమంటారు. పుస్తకం దగ్గర ఉండదు కనుక ఇటువంటి గొలుసు జ్ఞాపకం ఉంటే జవాబు తనంతట తానే ముందుకు నడుస్తుంది.

మరొక సభ్యుని జవాబు: పై వివరణతో ఏకీభవిస్తూ చారిత్రక సందర్భం గురించి ఒక్క మాట. 1605 నాటి గన్‌పౌడర్ కుట్ర (రాజునూ పార్లమెంటునూ మందుగుండుతో పేల్చివేయాలన్న పన్నాగం) భగ్నమైనందుకు గుర్తుగా వేసిన పతకం మీద పూల నడుమ పాము ఉంటుంది. దీన్ని జవాబు చివర విడి పేరాగా అతికించకుండా, ‘సర్పెంట్’ అన్న మాటను చర్చించే వాక్యంలోనే కలిపితే బాగుంటుంది. 1 గంట 45 నిమిషాలలో ఈ నాటకంతో పాటు 19వ శతాబ్దపు నవల మీద కూడా వ్యాసం రాయాలి కాబట్టి, పైన చెప్పినదంతా కార్డులోకి ఎక్కించవద్దని నా మనవి. ముందు వైపు ‘టు బిగైల్ ది టైమ్’ నుండి ‘ప్రొవైడెడ్ ఫర్’ వరకు పూర్తి పాదాలు అచ్చువేసి, వెనక వైపు జవాబులకు బదులు ‘కనబడు అనడానికీ ఉండు అనడానికీ తేడా ఏమిటి?’, ‘పాము మళ్ళీ ఎక్కడ వస్తుంది?’ అన్న రెండు ప్రశ్నలు మాత్రమే ఉంచండి.