నమూనా భద్రతా మండలిలో పిల్లలు దేశం తరఫున కాక స్నేహితుల కోసం ఓటేస్తున్నారు

హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. తరగతిలో 42 మంది. మూడు శనివారాలుగా చివరి రెండు పీరియడ్లలో, అంటే 80 నిమిషాలు, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి నమూనా సమావేశం జరిపిస్తున్నాను. 15 మంది సభ్య దేశాలు, మిగతా 27 మంది సాధారణ సభ. తీర్మానం నెగ్గాలంటే 9 ఓట్లు రావాలి, ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఏ ఒక్కటీ వీటో చేయకూడదు. ఈ నియమం వాళ్లకు బాగా ఎక్కింది.

చిక్కు ఓటింగ్ దగ్గరే. చైనా అని రాసిన అట్టముక్క ముందు కూర్చున్న అమ్మాయి, వెనక బెంచీలోని స్నేహితురాలు చేయెత్తేదాకా చూసి తానూ ఎత్తింది. అంతకుముందే తీర్మానానికి వ్యతిరేకంగా చక్కగా మాట్లాడింది!

మొదటిసారి దేశాలను వాళ్లనే ఎంచుకోమన్నాను. రెండోసారి చీటీలు తీశాం. మూడోసారి స్నేహితులను విడదీసి, ప్రతి దేశానికి పొరుగు దేశాలు, దిగుమతులు, సైన్యం వివరాలతో ఒక పేజీ రాసిచ్చాను. పేజీ చదివారు, ఓటు మాత్రం మారలేదు. రహస్య ఓటింగ్ పెట్టొచ్చు కానీ అసలు మండలిలో తీర్మానాలపై చేతులెత్తే ఓటేస్తారు, అది వదులుకోవాలని లేదు.

వీళ్లకు ఆసక్తి లేదనుకోకండి. పాలంపేటలోని మన రామప్ప గుడిని 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది 21 దేశాల కమిటీ అని చెప్పినప్పుడు, ఆ దేశాలకు మన గుడితో ఏం పని అని గంట కొట్టేదాకా అడిగారు.

పద్నాలుగేళ్ల పిల్లలు చేయెత్తే ముందు తమ దేశ ప్రయోజనం గురించి ఆలోచించేలా చేయడానికి, మీ తరగతిలో నిజంగా పనిచేసిన పద్ధతి ఏమిటి?