సాలీళ్ళ గ్రూపులో లొకేషన్లు పెట్టనివ్వాలా వద్దా? ఒక చెట్టు పోగొట్టుకున్నాం, సలహా కావాలి

చెట్టుతొర్ర:
అందరికీ నమస్కారం. సాలీళ్ళ మీద పీహెచ్‌డీ చేసి ఇప్పుడు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తున్నాను. ఆరేళ్ళ కింద నలుగురం కలిసి టరాంటులాలు (ఒళ్ళంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్ళు), తేళ్ళ మీద పనిచేసే వాళ్ళ కోసం ఒక టెలిగ్రామ్ గ్రూపు పెట్టుకున్నాం, ఇప్పుడు 140 మంది అయ్యారు, సగం మంది పీజీ, పీహెచ్‌డీ పిల్లలే. ఎవరికైనా ఏదన్నా కనిపిస్తే ఫోటో పెడతారు, చెట్టు మీదుండే సాలీళ్ళయితే కాళ్ళ అడుగువైపు పట్టీలు కనపడేలా తీయమంటాం, వాటిని బట్టే ఏ జాతో చెప్పొచ్చు కాబట్టి. ఈ ఆరేళ్ళలో నేను నేర్చుకున్నదాంట్లో చాలా భాగం అక్కడే నేర్చుకున్నా.

పోయిన అక్టోబర్లో ఒక ఎమ్మెస్సీ అబ్బాయి నల్లమల అంచున ఒక తొర్రలో సాలీణ్ణి ఫోటో తీసి, క్వాలిటీ పోతుందేమోనని ఫోటోగా కాకుండా ఫైలుగా పంపాడు. అలా పంపితే ఫోటో తీసిన చోటు, అంటే జీపీఎస్, అందులోనే ఉండిపోతుందని వాడికి తెలీదు, నేనూ చూసుకోలేదు, పైగా శభాష్ అని అందరికంటే ముందు రాసింది నేనే. ఇరవై రోజుల తర్వాత ఇద్దరం వెళ్ళి చూస్తే తొర్ర నోరంతా గొడ్డలితో చెక్కేసి ఉంది, లోపలి పట్టు గూడు బయటికి లాగేస్తే బెరడుకి అతుక్కుని వేలాడుతోంది, చెట్టు మొదట్లో మూతకి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి పడుంది. తల్లీ పిల్లలూ కలిపి పదికి పైనే ఉండేవి అందులో, ఒక్కటీ లేదు. మా గ్రూపులోంచే పోయిందని రుజువు లేదు, కానీ ఆ వారం కొత్తగా చేరిన రెండు అకౌంట్లు ఆ తర్వాత కనపడకుండా పోయాయి.

ఆ అబ్బాయి అదే రోజు రాత్రి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు, ఫోన్ ఎత్తట్లేదు. ఇకమీదట లొకేషన్ అన్నమాటే వద్దని పెద్దవాళ్ళు అంటున్నారు, ఎక్కడ దొరికిందో చెప్పకపోతే ఇక సైన్స్ ఏముందని పిల్లలు అడుగుతున్నారు. మీ దగ్గర ఎలా చేస్తున్నారో చెప్పండి.

ఎనిమిదికాళ్ళు:
చాలా బాధగా ఉందక్కా. ముందు చేయాల్సిన పని, ఫైలుగా పంపడం గ్రూపు సెట్టింగ్స్‌లోనే ఆపేయండి, ఫోటోగా పంపితే యాప్ కుదించేటప్పుడు జీపీఎస్ ఊడిపోతుంది. కానీ అదొక్కటే సరిపోదు, మా దగ్గర ఒకసారి ఫోటో వెనకాల కిలోమీటరు రాయి పడింది, ఊరి పేరుతో సహా, ఇంక దాచిందేముంది.
ఐనాచురలిస్ట్ పద్ధతి చూడండి, జనం తాము చూసిన జీవుల ఫోటోలు పెట్టే వెబ్‌సైటు అది, ముప్పులో ఉన్న జీవి అయితే అసలు పాయింట్ చూపించకుండా 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చోట చుక్క పెడుతుంది, అంటే గడి ఒక్కో వైపు ఇరవై కిలోమీటర్ల పైనే. అదే రోజు అదే మనిషి పెట్టిన మిగతా ఫోటోల్ని బట్టి పట్టేస్తారని తేదీ కూడా నెల వరకే చూపిస్తుంది. మేం కూడా గ్రూపులో జిల్లా, కొండల పేరు వరకే రాయనిస్తాం, సరైన పాయింట్ మాత్రం ముగ్గురు మోడరేటర్ల దగ్గరున్న షీట్‌లోకి వెళ్తుంది. కొత్తవాళ్ళని పాతవాళ్ళు ఇద్దరు ఎరుగుదుమంటేనే చేర్చుకుంటాం.

కొండబల్లి:
నేను బల్లుల మీద పనిచేస్తాను, మాకు ఈ దెబ్బ ఎప్పుడో తగిలింది. గోనియూరోసారస్ లూయీ అని చైనాలో ఒక బల్లి, 1999లో దాని మీద రీసెర్చ్ పేపర్ వచ్చింది, దొరికిన చోటు అందులో ఉంది, కొన్నేళ్ళకే ఆ చోట ఒక్కటి మిగల్లేదు, పెంపుడు జంతువుల వ్యాపారం వాళ్ళు పట్టుకుపోయారు. ఆ తర్వాత అదే రకం బల్లుల మీద రాసిన కొంతమంది పేపర్లో చోటు ఇవ్వకుండా, ప్రభుత్వ సంస్థలు అడిగితే ఇస్తాం అని రాశారు.
మీ టరాంటులాల్లోనే గుత్తి సాలీడుని చూడండి మేడమ్, ఆ మెరిసే నీలం రంగే దానికి శత్రువైంది. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జువాలజిస్ట్ పేపర్ రాసింది గుత్తిలో రైల్వే కట్టెల యార్డులో దొరికిన దాని మీద, కట్టెలతో పాటు రైల్లో అక్కడికి వచ్చి ఉంటుందంటారు, మళ్ళీ 2001లో నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో దొరికేదాకా దాని అసలు ఇల్లు ఎవరికీ తెలీదు. తప్పు అడ్రసు నూరేళ్ళు కాపాడిందేమో అనిపిస్తుంది నాకు. కాబట్టి నా ఓటు పూర్తిగా దాచెయ్యడానికే.

కలివిపొద:
కొండబల్లి గారూ, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. మాది కడప. కలివికోడి అనే అరుదైన పిట్ట, 1900 తర్వాత లేదనుకున్నది 1986లో లంకమల దగ్గర దొరికింది, దాన్ని చూపించింది ఆ పొదలు తెలిసిన ఊరి వేటగాడే. చోటు తెలిసింది కాబట్టే అక్కడ అభయారణ్యం వచ్చింది, 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలవ తవ్వకం ఆ పొదల్లోకి వస్తే ఇక్కడ పిట్ట ఉంది అని మ్యాపు మీద చూపించగలిగారు కాబట్టే కాలవ దారి మార్చారు. అదే ఎవరి డైరీలోనో దాచుకుని ఉంటే ప్రొక్లెయినర్ ముందు ఏం చూపిస్తాం?
దొంగ ఒక చెట్టు నరుకుతాడు, రోడ్డు పడితే ఆ అడవే పోతుంది. అందుకని షీట్ మోడరేటర్ల దగ్గర మాత్రమే ఉంటే కుదరదు, వాళ్ళు ముగ్గురూ ఉద్యోగాలు మారి వెళ్ళిపోతే ఏంటి పరిస్థితి? ఏడాదికోసారి ఫారెస్ట్ వాళ్ళకి, ఒక మ్యూజియంకి కాపీ ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

పీజీస్టూడెంట్:
అక్కా నేను వేరే యూనివర్సిటీ, చదువుతున్నది అదే సబ్జెక్టు. రూల్స్ సంగతి పెద్దవాళ్ళు చూస్తారు, ఆ అబ్బాయిని మాత్రం వదిలేయకండి ప్లీజ్. మొదటిసారి తొర్రలో టార్చి వేసి రెండు కళ్ళు మెరవడం చూసినప్పుడు ఎవరికైనా చెప్పకుండా ఉండలేం, వాడు చేసింది అంతే. ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్ళండి.

చెట్టుతొర్ర:
అందరికీ థాంక్స్. జిల్లా, కొండ వరకే గ్రూపులో, పాయింట్ షీట్‌లో, ఫైళ్ళు బంద్, పాత ఫైళ్ళు నిన్న రాత్రి కూర్చుని 300 పైన డిలీట్ చేశాను. కలివిపొద గారి మాట మీద ఫారెస్ట్ వాళ్ళ డీఎఫ్‌ఓ ఆఫీసుకి లెటర్ రాశాను, అక్కడ ఎవరి చేతిలో పెట్టాలో ఇంకా తేలలేదు.
ఆదివారం ఆ అబ్బాయి వాళ్ళ ఊరికి వెళ్ళాను. అరగంట దాకా తలెత్తలేదు. చూసుకోనిది నేను, మెచ్చుకుంది నేను, తప్పులో సగం నాది అని చెప్పాను. వచ్చేటప్పుడు బస్టాండు దాకా వచ్చాడు, అక్కడ అడిగాడు, మేడమ్ ఆ చెట్టుకి ఇంకో కొమ్మలో కూడా తొర్ర ఉంది, పై దాంట్లో, వాళ్ళు అది చూసుండరు కదా అని. వచ్చే శనివారం నిచ్చెన తీసుకుని వెళ్తున్నాం.