మల్టిపుల్ రిగ్రెషన్‌కి శాంపిల్ సైజు: 50 రాయాలా, 92 రాయాలా?

ప్రశ్న: నమస్కారమండీ. నిద్ర నాణ్యత మీద థీసిస్ చేస్తున్నాను. వయసు, పని గంటలు, ఫోన్ వాడకం, ఒత్తిడి స్కోరు, విద్యార్హత (నాలుగు స్థాయిలు), మొత్తం ఐదు వేరియబుల్స్ కలిసి నిద్ర నాణ్యతని ఎంతవరకు వివరిస్తాయో మల్టిపుల్ రిగ్రెషన్‌తో చూస్తాను. శాంపిల్ సైజు లెక్కగట్టే జీ-పవర్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్-స్క్వేర్ (ప్రభావం ఎంత పెద్దదో చెప్పే కొలత) 0.15, ఆల్ఫా (లేని ప్రభావం ఉందని పొరబడే అవకాశం) 0.05, పవర్ (ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం) 0.80 ఇస్తే 92 వచ్చింది. మా గైడ్ గారేమో వేరియబుల్‌కి పదిమంది చొప్పున 50 చాలంటున్నారు. ఏది రాయాలి?

జవాబు: 50 మాత్రం రాయకండి. ఆ లెక్కలో ప్రభావం ఎంత ఉంటుందన్నదే లేదు, పవర్ ఊసే లేదు. ఇక 92లోనూ చిన్న తేడా ఉంది. నాలుగు స్థాయిల విద్యార్హత మోడల్‌లోకి మూడు డమ్మీ వేరియబుల్స్‌గా (అవును, కాదు అన్నట్టు 1, 0 విలువలుండేవి) వెళ్తుంది. కాబట్టి మీవి ఐదు కాదు, ఏడు. ఏడు ఇచ్చి చూడండి, 103 వస్తుంది. రిగ్రెషన్ శాంపిల్ సైజు గురించి గ్రీన్ అనే పరిశోధకుడు 1991లో చెప్పిన సూత్రాలైతే మొత్తం మోడల్‌కి 50+8×7, అంటే 106. ఒక్కో వేరియబుల్‌ని విడిగా పరీక్షించాలంటే 104+7, అంటే 111. అవీ మీడియం ప్రభావం ఉంటుందనుకుని చెప్పినవే. అసలు మీ పరికల్పన ఏమిటి? మొత్తం మోడల్ గురించా, ఒక్క వేరియబుల్ గురించా?

ప్రశ్న: ఫోన్ వాడకమే ముఖ్యమండీ. మిగతావి కంట్రోల్ కోసం పెట్టాను.

జవాబు: అయితే 103 కూడా మీది కాదు. జీ-పవర్‌లో 'ఆర్-స్క్వేర్ ఇంక్రీజ్' పరీక్ష (ఒక వేరియబుల్ చేరితే మోడల్ వివరించే వాటా, అంటే ఆర్-స్క్వేర్, ఎంత పెరుగుతుందో చూసేది) ఎంచుకుని, పరీక్షించేవి 1, మొత్తం 7 అని ఇవ్వండి. 0.15 అలాగే ఉంచితే 55 చాలంటుంది. దాన్ని నమ్ముకోవద్దు. మిగతా ఆరూ వివరించాక ఒక్క ఫోన్ వాడకానికే 0.15 మిగలడం చాలా ఎక్కువ. మీ అంశం మీద వచ్చిన పాత అధ్యయనాలు తిరగేయండి. మాటవరసకి మొత్తం మోడల్ ఆర్-స్క్వేర్ 0.20, అందులో ఫోన్ వాడకం అదనంగా తెచ్చేది 0.03 అనుకుందాం. 0.03ని (1−0.20)తో భాగిస్తే ఎఫ్-స్క్వేర్ 0.0375. అది ఇస్తే శాంపిల్ 210 దాటుతుంది. టెన్షన్ పడి ఎఫ్-స్క్వేర్‌ని మాత్రం పెంచకండి. దొరికే మనుషుల సంఖ్యకి సరిపోయేలా ప్రభావాన్ని ఎంచుకుంటే ఆ లెక్క వేసి ప్రయోజనం లేదు.

ప్రశ్న: 15 శాతం ఫారాలు అసంపూర్తిగా వస్తాయనుకుంటే 15 శాతం కలిపితే సరిపోతుందా?

జవాబు: కలపకూడదు, 0.85తో భాగించాలి. 212 పూర్తి ఫారాలు కావాలనుకోండి. 15 శాతం కలిపితే 244 వస్తుంది, అందులో 15 శాతం పోతే మిగిలేది 207. భాగిస్తే 250 వస్తుంది, 212 చేతిలో ఉంటాయి. థీసిస్‌లో 250 అని రాసి, ఎఫ్-స్క్వేర్ ఏ అధ్యయనం నుంచి తీసుకున్నారో కూడా పక్కనే రాయండి. వైవాలో మొదట అడిగేది అదే.