1788లో రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం: న్యాయమా, దొంగదెబ్బా?

గోదారిగట్టు:
అమెరికా మొదటి ప్రతినిధుల సభకి 1788–89లో ఎన్నికలు ఎలా జరపాలో రాజ్యాంగం రాష్ట్రాల శాసనసభలకే వదిలేసింది. పెన్సిల్వేనియా నియోజకవర్గాలే గీయలేదు. ప్రతి ఓటరూ 8 మందికి ఓటెయ్యాలి. కొత్త రాజ్యాంగాన్ని సమర్థించే ఫెడరలిస్టుల జాబితా నుంచి ఆరుగురు గెలిచారు. మిగతా ఇద్దరు, పీటర్ మ్యూలెన్‌బర్గ్, డేనియల్ హీస్టర్, జర్మన్ల ఓట్ల కోసం ఎదుటి పక్షం తన జాబితాలో చేర్చుకున్నవాళ్లు. వాళ్లూ రాజ్యాంగాన్ని సమర్థించినవాళ్లే. పడమటి కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) రాజ్యాంగం మీద అంత మండిపడుతుంటే సభలో వాళ్ల గొంతే లేదు. నేనైతే దొంగదెబ్బే అంటాను.

లెక్కల మాస్టారు:
దొంగదెబ్బ తియ్యాలంటే నియోజకవర్గాల గీతలే వాటం, బాబూ. వర్జీనియా చూడు, 10 నియోజకవర్గాలు. రాజ్యాంగాన్ని వ్యతిరేకించిన ప్యాట్రిక్ హెన్రీ మాట చెల్లే శాసనసభ, ఆ రాజ్యాంగం రాయడంలో ముందున్న మాడిసన్‌ని సెనేట్‌కి పంపలేదు. ఆ తర్వాత మాడిసన్ సొంత ఆరెంజ్ కౌంటీని రాజ్యాంగమంటే గిట్టని కౌంటీలతో ముడేసింది. పోనీ పక్క నియోజకవర్గానికి పోదామంటే, ఏడాదిగా అక్కడే ఉంటున్నవాడే పోటీ చెయ్యాలని నిబంధన!

పాతకాగితాలు:
హెన్రీ కుట్ర కథ కాస్త తగ్గించుకోండి మాస్టారూ. మాడిసన్ నియోజకవర్గంలో మొత్తం 8 కౌంటీలు, ఒక్కదాన్నీ చీల్చలేదు, పటంలో పెద్ద వంకర్లూ లేవు.

గోదారిగట్టు:
పైగా మాడిసన్ గెలిచాడు కదండీ, ఎదుటి అభ్యర్థి మన్రో మీద 1,308–972 ఓట్లతో. ఎలా గెలిచాడు? పౌరుల హక్కుల కోసం రాజ్యాంగానికి సవరణలు తెస్తానని మాటిచ్చి. నడిచలికాలంలో ఇద్దరూ కలిసి తిరుగుతూ జనం ముందు వాదించుకున్నారు. ఆ చలికి ముక్కు దెబ్బతిందని తర్వాత ఆయనే చెప్పుకునేవాడట. నియోజకవర్గం ఉంది కాబట్టే గుమ్మం దాకా వచ్చి మాటివ్వాల్సి వచ్చింది. పెన్సిల్వేనియాలో జాబితా అచ్చేస్తే సరిపోయింది.

పాతకాగితాలు:
న్యూజెర్సీ ఇంకా ఘోరం. అక్కడా రాష్ట్రమంతా ఒకటే, 4 స్థానాలు. పోలింగ్ ఎప్పుడు ముగించాలో చట్టంలో రాయడమే మరిచారు! ఇంకేముంది, ఎవరికి ఓట్లు కావాలంటే వాళ్లు తెరిచే ఉంచారు. నాలుగూ పడమటి జెర్సీ జాబితాకే పోయాయి. గొడవ సభ దాకా వెళ్లినా ఫలితం మారలేదు.

లెక్కల మాస్టారు:
అది చట్టం రాసినవాళ్ల తప్పు, పద్ధతిది కాదు.

గోదారిగట్టు:
సరే. మరి స్థానానికో నియోజకవర్గం ఉండాలని 1842లో కాంగ్రెస్సే చట్టం ఎందుకు చేసిందంటారు?

లెక్కల మాస్టారు:
చేసింది. న్యూహాంప్‌షైర్, జార్జియా, మిసిసిపీ, మిజోరీ లెక్కచెయ్యలేదు. పాత పద్ధతిలోనే గెలిచొచ్చిన వాళ్లందర్నీ అదే సభ కూర్చోబెట్టుకుంది కూడా. ఇప్పుడు చెప్పు బాబూ, ఎవరి చట్టం చెల్లినట్టు?